చెవి దగ్గర ఊపి చూసే మనిషి

నేను టెక్కలికి బదిలీ అయినా, ఎవరి చేతికైనా కొత్త క్రెడిట్ కార్డు ఇస్తుంటే మా బ్యాంకు పలాస బ్రాంచికి వచ్చే ఆ జీడితోట మావయ్యే గుర్తొస్తాడు. చేతికేది అందినా చెవి దగ్గర ఊపి చూసేవాడు. బాగా ఎండిన జీడిపిక్క లోపల మోగుతుంది మరి.

తుఫానుకు తోట పడిపోయి, వాయిదాలు తప్పి, ఆయన క్రెడిట్ స్కోరు దిగజారింది. కొత్త మొక్కలకు ఎక్కడా అప్పు పుట్టలేదు. వాడి కడుతుంటే స్కోరు పెరుగుతుందని ఎవరో ఏజెంటు చెప్పిన క్రెడిట్ కార్డుకు ఫీజు ఎక్కువ. మా దగ్గర కొంత డబ్బు డిపాజిట్ వేసి, దాని మీద ఇచ్చే కార్డు తీసుకోమన్నాను.

"నా డబ్బు తాకట్టెట్టి నాకే అప్పిత్తారేటి?" అని నవ్వి, కార్డు ఊపి చూసి జేబులో వేసుకున్నాడు.

కొన్ని నెలలకు వచ్చాడు. స్కోరు కదల్లేదు. కార్డును విత్తనం పిక్కల డబ్బాలో దాచాడట, ఒక్కసారీ వాడలేదట.

"ఇత్తనం పిక్కలు ఎవులైనా తింతారేటి, పాపా?"

"తినొద్దు మావయ్యా, నాటాలి కదా! నెలనెలా ఆ కార్డుతో కొంచెం ఎరువు కొని, గడువులోగా బిల్లు కట్టెయ్యండి."

మళ్లీ జీడి పూతకాలం వచ్చేసరికి స్కోరు లేచింది. నా ఫోన్‌లో చూపించాను. ఆయన దాన్ని అందుకుని, చెవి దగ్గర పెట్టుకుని ఊపాడు.

"మోగతంది, పాపా. ఇంక మొక్కలకి లోన్ రాసీ."