టేపు చుట్టాను, పిన్ను వేయలేదు

కొన్నేళ్ళుగా ఒక చిన్న స్టీలు పిన్నును మోస్తున్నాను. తులం బరువైనా ఉండదు. ఇంట్లో చెప్పలేదు, చర్చిలో మోకాళ్ళ మీద ఉండి కూడా నోరు పెగల్లేదు. ముక్కూ మొహం తెలియని మీకు చెబుతున్నాను.

గల్ఫ్‌లో, లుసైల్ రేవులో ఒక పాతకాలపు పెద్ద తెరచాప పడవ మీద నా డ్యూటీ. చెక్క మాస్ట్‌ను, అంటే తెరచాప కట్టే స్తంభాన్ని, నిలబెట్టే ఉక్కు తాళ్ళు బిగిస్తాను. ఒక్కో తాడు అడుగున ఒక మర ఉంటుంది. అది వదులు కాకుండా పిన్ను వేసి, తెరచాప చిరగకుండా పైన తెల్ల టేపు చుడతాం. టేపు ఉందంటే లోపల పిన్ను ఉన్నట్టే. చుట్టినవాడి మీద నమ్మకంతో ఎవరూ విప్పి చూడరు.

పడవల పందెం రోజు పొద్దున యజమాని అతిథులు ఫోటోలకు వస్తున్నారని కెప్టెన్ "యల్లా, యల్లా" అంటూ తరుముతున్నాడు. ఒక మర ఇంకా కాస్త బిగించాలి. చూడ్డానికి బాగుంటుందని ముందు టేపు చుట్టేసి, పిన్ను జేబులో వేసుకున్నాను. మళ్ళీ వచ్చి వేద్దామనుకున్నాను. ఎలా మర్చిపోయాను? తొందరా? కాదు, నా చెయ్యి తప్పు చెయ్యదన్న పొగరు.

నడి సముద్రంలో పడవ ఒరిగింది. ఒక తాడు అడుగున ఊడి ఫెళ్ళుమని చప్పుడు. ఓరి దేవుడా! అంత మాస్ట్ నా కళ్ళ ముందే విరిగి పడింది. దాని కింద మల్లేశ్. నిజామాబాద్ వైపువాడు, నాతో కలిసి పనిచేసేవాడు. భుజం నుజ్జయింది, తల పగిలింది. రక్తం ఆపుదామని రుమాలు కోసం జేబులో చెయ్యి పెట్టాను. పిన్ను తగిలింది. దాన్ని అక్కడే వదిలి, రుమాలు తీసి గాయానికి అదిమాను.

ఊడిన తాడుకు పిన్ను వేశావా అని కెప్టెన్ అడిగితే, వేశానని చెప్పాను. అయితే చివరి చెకింగ్ చేసిన మల్లేశే మర బిగించడానికి దాన్ని తీసి ఉంటాడన్నాడు. దొంగకు తేలు కుట్టినట్టు నిలబడ్డాను.

ఆస్పత్రిలో వాడి మంచం పక్కన కూర్చున్నాను. నన్ను తిడతాడనుకున్నాను, తిడితే బాగుండునని కూడా అనుకున్నాను.

"నేనే ఇప్పిన్నేమో అన్నా. యాదికొస్తలేదు. నువ్వైతే పిన్ను ఎయ్యకుంట టేపు చుట్టవ్ గదా."

"ఇప్పుడవన్నీ ఎందుకురా, పడుకో" అన్నాను.

అంత మాట నాకెలా వచ్చింది? అబద్ధం కూడా కాదది. అంతకన్నా నీచం.

వాడిని ఇంటికి పంపేశారు. ఆ చెయ్యి ఇక పైకి లేవదు. ఇప్పటికీ ఫోన్ చేస్తాడు, తన వల్ల నా పనికి చెడ్డపేరు వచ్చిందని బాధపడతాడు. నేను ఊ కొడతాను.

మల్లేశూ, నువ్వు విప్పలేదురా. నేను వేయలేదు.