ముప్పయ్యో ట్రిప్పు

2019 చలికాలం. బేస్‌మెంట్ అద్దెకిస్తానని బోర్డు పెట్టిన గంటలోనే తొమ్మిదిమంది విద్యార్థులు ఫోన్ చేశారు. కెనడాలోని సస్కటూన్‌లో గదులకు అంత కరువు. ఇంటి యజమాని, తొంభై ఏడేళ్ల క్లిఫర్డ్ టేట్, దాన్ని వరంగల్ అమ్మాయి ధరణికి ఇచ్చాడు. చేతులు వణుకుతాయి కనుక ఉత్తరాలు ఆమె చేతే టైప్ చేయించుకునేవాడు.

ఆ మధ్యాహ్నం ఐరీన్‌కి జవాబు రాయాలి. రెండో ప్రపంచ యుద్ధంలో క్లిఫర్డ్ నడిపిన బాంబర్ తోకలో తుపాకీ పట్టిన స్టీవ్ ఆమె మేనమామ. పందొమ్మిదేళ్లకే పోయాడు. "మామయ్య ఎలా పోయాడు? అమ్మ అడుగుతూ అడుగుతూనే కన్నుమూసింది. చెప్పడానికి ఇక మీరొక్కరే ఉన్నారు" అని రాసింది.

"మీకు మెడల్‌తో పాటు ఇచ్చిన కాగితంలో ఉన్నదే రాసేద్దామా సార్? 'కాల్పుల మధ్య చలించని ధైర్యం' అనీ..." అంది ధరణి.

"సార్ అనకు. మళ్లీ యూనిఫామ్ వేసుకోమన్నట్టుంటుంది."

"తాతగారూ అననా మరి?"

"అది ఇంకా ఘోరం."

నవ్వాడు గానీ, ఆ నవ్వు నిలవలేదు. ఎవరికీ చెప్పనిది ధరణికి చెప్పాడు.

బాంబులు వదిలాక ముప్పై సెకన్లు విమానాన్ని తిన్నగా నడపాలి. ఎక్కడ పడ్డాయో కెమెరా ఫోటో తీస్తుంది. ఫోటో లేకపోతే ట్రిప్పు లెక్కకు రాదేమోనని అతని భయం. ముప్పై దాడులు చేసి వస్తే డ్యూటీ పూర్తయినట్టు; అది ముప్పయ్యోది. అదొక్కటి అయితే విమానంలోని ఏడుగురూ ఇంటికి.

పన్నెండో సెకనులో స్టీవ్ అరిచాడు: "వెనక ఫైటర్! ఎడమకి తిప్పు!"

క్లిఫర్డ్ తిప్పలేదు. లెక్కపెడుతూ కూర్చున్నాడు. పద్దెనిమిది దగ్గర తోకలోంచి మాట ఆగిపోయింది. ముప్పై అయ్యాకే తిప్పాడు. ఆరుగురు ప్రాణాలతో దిగారు. ఫోటోలో మబ్బులు తప్ప ఏమీ పడలేదు. మెడల్ మాత్రం వచ్చింది.

డెబ్బై అయిదేళ్లుగా ట్రాఫిక్ లైటు దగ్గరా, గడ్డం గీసుకుంటున్నా, పన్నెండు నుంచి పద్దెనిమిది దాకా లెక్కపెడుతూనే ఉన్నాడు. ఎందుకు లెక్కపెడుతున్నాడో భార్యకు కూడా చెప్పలేదు.

ధరణి వేళ్లు కీబోర్డు మీదే ఆగిపోయాయి. "ఇది తెలిస్తే ఆవిడ మిమ్మల్ని..."

"కాగితం వద్దు. ఫోన్ కలుపు."

స్పీకర్‌లో పెట్టి, ఒక్క ముక్కా దాచకుండా ఐరీన్‌కి చెప్పాడు.

"చివర్న మామయ్య గొంతులో కోపం ఉందా?"

"లేదమ్మా. నేను తిప్పుతాననే అనుకున్నాడు."

ఐరీన్ ఫోన్ పెట్టేసింది. మళ్లీ చెయ్యమంటారా అని ధరణి అడిగింది. వద్దని చేయి ఊపాడు.