నేను వండుకు తినేసిన దేవుని బియ్యం

ప్రభువునందు ప్రియమైన సహోదరులారా, సహోదరీలారా, మన సంఘంలో నన్ను చూడగానే నవ్వేవాళ్లు చాలామంది ఉన్నారు, నేను నోరు తెరవకముందే నవ్వుతారు, అది నా ముఖం చూసి కాదులే అన్న నమ్మకంతో ఇన్నేళ్లూ బతికాను. కానీ ఈరోజు నేను రాసేది మా ఇంట్లో ఏ నవ్వూ పనిచేయని మూడు నెలల సంగతి, ఆ చీకట్లో దేవుడు నన్ను ఒక బిస్కెట్ల డబ్బాతో పట్టుకున్న సంగతి. నేను చదివింది ఎనిమిదో తరగతి, అదీ హిందీలో. తెలుగు అక్షరాలు మా అమ్మ తన పాటల పుస్తకం మీద వేలు పెట్టి నేర్పింది. తప్పులుంటే అమ్మను అనకండి, ఆవిడ వేలు చూడకుండా నేను కిటికీలోంచి రైలు డబ్బాలు లెక్కపెట్టేవాణ్ణి!

మా నాన్న శ్రీకాకుళం వైపు నుంచి బిలాస్‌పూర్ వచ్చి రైల్వేలో ఖలాసీగా చేరాడు. నాన్న పోయాక ఆ ఉద్యోగం నాకొచ్చింది, వ్యాగన్లు బాగుచేసే షెడ్డులో పని, తార్‌బహార్ దగ్గర క్వార్టరు. నా భార్య సుజాతది విజయనగరం. మాకు ఇద్దరు ఆడపిల్లలు, పెద్దది దీవెన, చిన్నది గ్రేసీ. నేను తాగను, భార్య మీద ఏనాడూ చెయ్యెత్తలేదు, అందుకే నేను చాలా మంచి భర్తనని నాకు గట్టి నమ్మకం. జీతం పడగానే ఆ సంగతి సుజాతకు చెప్పడంతో నా కాపురం డ్యూటీ అయిపోయేది. బ్యాంకు కార్డు ఆమె దగ్గర, బజారు ఆమెది, ఫీజులు ఆమెవి. బియ్యం అయిపోవచ్చాయంటే నేను ఒక జోకు, గ్యాస్ అయిపోయిందంటే ఇంకో జోకు. దీవెన స్కూలు నుంచి ఫీజు కాగితం వస్తే దాంతో విమానం చేసి గ్రేసీ మీదికి వదిలాను. గ్రేసీ పగలబడి నవ్వింది. సుజాత నవ్వలేదు.

"ఈ ఇంట్లో నువ్వు బోజనానికొచ్చిన సుట్టానివి. పద్నాలుగేళ్లయి సుట్టానికి వొండి పెడతన్నాను. నాను అలిసిపోనాను" అంది.

ఆ వానాకాలం మొదట్లో ఆమె పుట్టింటికి వెళ్లిపోయింది. సంఘ పెద్దలు మాట్లాడారు, రెండు వైపులా కూర్చోబెట్టారు, చివరకు విడిగా ఉండడానికి నిర్ణయమైంది. పిల్లల చదువు ఇక్కడే గనక వాళ్లు నా దగ్గర ఉండాలని అనుకున్నాం. కానీ మా అత్తగారు ఫోన్లో ఒక మాట గట్టిగా చెప్పింది. "బాబూ, మూడు నెలలు సూస్తాను. తరవాత నానే వొస్తాను. గుంటలు పస్తులున్నారని నా కంటికి కనిపించిందో, ఇద్దర్నీ రైలెక్కించి తీసుకుపోతాను. అప్పుడు నీ జోకులు నువ్వే ఇనుకో" అంది. నేను దానికీ ఏదో జోకు వేశాను, ఆవిడ ఫోన్ పెట్టేసింది.

మొదటి నెల జీతం పడింది. నా కార్డు రహస్య నంబరు నాకు తెలియదు, పదమూడేళ్ల దీవెన చెబితే డబ్బులు తీశాను! తల్లి లేదని పిల్లలు చిన్నబోకూడదు, ఊళ్లోవాళ్లు అయ్యో అనకూడదు, అదొక్కటే నా పట్టుదల. కొత్త బ్యాగులు కొన్నాను, వారంలో మూడుసార్లు చికెన్, బయటి నుంచి బిర్యానీ, షెడ్డులో తోటివాళ్లకు రోజూ సమోసాలు, అందరూ "వాహ్ భాయ్, నువ్వు మగాడివి" అంటే పొంగిపోయాను. ఇరవయ్యో తేదీ దాటేసరికి జేబులో ఒక బస్సు టికెట్టు మిగిలింది, అదీ పాతది.

ఒక రోజు మధ్యాహ్నం డ్యూటీ దిగి ఇంటికొచ్చి బియ్యం బస్తాలో చెయ్యి పెడితే గోనె తగిలింది. పిల్లలు స్కూలు నుంచి వచ్చే వేళ. పై అరలు వెతికితే ఒక పాత బిస్కెట్ల రేకు డబ్బా దొరికింది, మూత మీద రెండు చిలకలు, లోపల దాదాపు నిండుగా బియ్యం! సుజాత వెళ్తూ వెళ్తూ మా కోసం దాచిపెట్టింది కాబోలు అని ఎంత సంతోషపడ్డానో! వెంటనే ఎసరు పెట్టాను. ఆ అన్నం చిత్రంగా ఉడికింది సహోదరులారా, కొన్ని మెతుకులు చిమిడిపోయాయి, కొన్ని పలుకులుగా ఉన్నాయి, కొన్ని ఎర్రగా లావుగా ఉన్నాయి. దీవెన మొదటి ముద్ద నోట్లో పెట్టుకుని ఆగిపోయింది.

"నాన్నా, ఇందులో మూడు రకాల బియ్యం ఉన్నాయి" అంది.

"ఒకే కంచంలో మూడు రకాలా! పెళ్లిభోజనమే తల్లీ, తిను" అన్నాను. అది తల వంచుకుని తినేసింది. అలా వారం రోజులు ఆ డబ్బా మమ్మల్ని పోషించింది.

నెలలో చివరి శనివారం ఎస్తేరు పెద్దమ్మ వచ్చింది. మన స్త్రీల సమాజంలో పెద్దది, ఇప్పుడు ప్రభువు దగ్గరికి వెళ్లిపోయింది, ఆవిడను ఎరుగని పాతవాళ్లు మనలో లేరు. చంకలో గుడ్డ సంచి పెట్టుకుని గుమ్మంలో నిలబడి, "ఒరే బాబూ, సుజాత పిడికెడు బియ్యం డబ్బా ఇలాగ తే, రేపు గుడిలో కలపాల" అంది.

నాకు అప్పుడు తెలిసింది! మన ఆడవాళ్లు పొయ్యి మీద ఎసరు పెట్టిన ప్రతిసారీ ఒక పిడికెడు బియ్యం దేవుని పేర పక్కకు తీస్తారు, నెలాఖరు ఆదివారం అన్ని ఇళ్ల బియ్యం కలిపి లేనివాళ్లకు పంచుతారు. మా అమ్మ కూడా తీసేది, నా చిన్నప్పుడు నా చిన్న గుప్పిట పట్టుకుని "నువ్వెయ్యి, నీ చెయ్యి దేవుడికి ఇష్టం" అని నా చేతే వేయించేది. కానీ అమ్మది మట్టి ముంత. సుజాతది చిలకల డబ్బా అని నేను ఏనాడు చూశాను గనక! ఆమె వెళ్లిపోయిన గొడవలో కిందటి నెల డబ్బా గుడికి వెళ్లలేదు, కొన్న ప్రతి రకం బియ్యంలోంచీ పిడికెడు పిడికెడు పడి మూడు రకాలైంది. దేవుని బియ్యాన్ని నేను పచ్చడేసుకుని తినేశాను.

నోరు ఊరుకోదు కదా, "పెద్దమ్మా, ఈ నెల దేవుడు మా ఇంట్లోనే బోజనం చేసీసాడు" అన్నాను.

పెద్దమ్మ నవ్వలేదు. దీవెన వైపు చూసింది. "ఏటమ్మా, నీకు తెల్దా అది ఏటి డబ్బావో?"

"తెలుసు పెద్దమామ్మా" అంది దీవెన. "బస్తా ఖాళీ అయిపోయిందని నాన్నకు చెప్తే మళ్లీ జోకేస్తాడని చెప్పలేదు. గ్రేసీకి ఆకలేస్తోంది. అందుకే తినేశాను."

సహోదరులారా, షెడ్డులో ఇనుము మీద ఇనుము పడే చప్పుడు ఇరవై ఏళ్లు విన్నాను, ఇంత గట్టిగా ఏదీ నాకు తగల్లేదు. నా బిడ్డ ఆకలి నాకు చెప్పుకోలేకపోయింది, నేను నవ్విస్తానని భయపడి!

మర్నాడు ఆరాధన అయ్యాక పెద్దమ్మ బియ్యం పంచుతూ మూడో పేరుగా నా పేరు పిలిచింది. జీతం వచ్చే రైల్వే మనిషిని నేను, చివరి బెంచీ నుంచి లేచి అందరి మధ్యనుంచి వెళ్లి ఆ సంచి అందుకున్నాను. ఒక్కరూ నవ్వలేదు, నవ్వి ఉంటే బాగుండుననిపించింది. ఇంటికొచ్చి వంటింట్లో మోకాళ్లూని జీవితంలో మొదటిసారి నవ్వులాట లేకుండా ప్రార్థన చేశాను. "ప్రభువా, నీ బియ్యం నేను తిన్నాను. నా బిడ్డలు నాకు భయపడి ఆకలి దాచుకున్నారు. నాకు నవ్వించే నోరు ఇచ్చావు, నిజం చెప్పే నోరు కూడా ఇవ్వు. వీళ్లను నా దగ్గరనుంచి తీసుకుపోనివ్వకు తండ్రీ!" ఇంతే. ఏ వెలుగూ రాలేదు, ఏ స్వరమూ వినిపించలేదు, లేచి ఆ అన్నం వండాను. అందులో మూడు కాదు, ముప్పై ఇళ్ల బియ్యం ఉన్నాయి, ఒక్క మెతుకూ ఇంకో మెతుకులా ఉడకలేదు. అంత రుచి మళ్లీ ఎక్కడా తినలేదు.

ఆ సాయంత్రం సుజాతకు ఫోన్ చేసి, "నువ్వు ఈ ఇల్లు ఎలా నడిపావో నాకు చెప్పవా?" అని అడిగాను. ఆమె అరగంట చెప్పింది, పప్పు ఏ కొట్లో, నూనె ఎన్ని పూటలకు, ఫీజుకు ముందు తీయాల్సింది ఎంత, గ్రేసీకి ఏ దగ్గు మందు పడదో, అన్నీ. మధ్యలో మూడు జోకులు నా నాలుక చివరిదాకా వచ్చాయి, మూడింటినీ మింగాను, దేవునికే మహిమ!

మా షెడ్డులో బాగుచేసిన ప్రతి వ్యాగన్ మీద మళ్లీ ఏ నెలలో రిపేరుకు రావాలో తెల్ల రంగుతో రాస్తాం. నాకు తెలిసిన చదువు అదొక్కటే, అదే వంటింట్లో పెట్టాను. జీతం పడిన రోజు నేనూ దీవెనా గచ్చు మీద కూర్చుని ప్రతి డబ్బా మీద సుద్దముక్కతో ఎన్నో తేదీదాకా రావాలో రాశాం, నూనె డబ్బా, పప్పు డబ్బా, గ్యాస్ బండ కూడా. సంఘ పెద్దలు చెప్పిన సుజాత వంతు డబ్బు ముందే ఆమెకు పంపాను. చిలకల డబ్బా మీద మాత్రం ఏ తేదీ రాయలేదు, ఎసరు పెట్టిన ప్రతిసారీ గ్రేసీ అందులో పిడికెడు వేసేది. షెడ్డులో సమోసాలు మానేస్తే "క్యా భాయ్, సన్యాసం తీసుకున్నావా" అని ఏడిపించారు. సన్యాసం కాదు, సంసారం తీసుకున్నానని చెప్పాను. ఆ ఒక్క జోకు ప్రభువు నాకు వదిలేశాడు.

మూడో నెల చివర గ్రేసీకి జ్వరం వచ్చింది. డాక్టరు, పరీక్షలు, మందులు, దాంతో బియ్యానికి ఉంచిన డబ్బు పోయింది. జీతానికి ఇంకా మూడు రోజులు, బస్తా మళ్లీ ఖాళీ, మర్నాడు పొద్దున్న బండికి మా అత్తగారు వస్తోంది! చిలకల డబ్బా నిండుగా ఉంది. మూత తీశాను కూడా. దీవెన గుమ్మంలో నిలబడి చూస్తోంది. "ప్రభువా, ఇప్పుడు నోరు ఇవ్వు" అన్నాను, మూత పెట్టేశాను, గిన్నె పట్టుకుని పక్క క్వార్టరు కౌసల్యా దీదీ తలుపు కొట్టాను. ఆమె ఛత్తీస్‌గఢీ మనిషి, పదేళ్లుగా నా జోకులకు గోడకవతల నుంచి నవ్వుతున్న మనిషి.

"దీదీ, ఇంట్లో బియ్యం లేవు. రెండు కిలోలు ఇవ్వండి, జీతం రాగానే తెచ్చిస్తాను" అని హిందీలో అడిగాను.

"ఠట్ఠా కరత్ హస్ కా?" అని పకపకా నవ్వింది, వేళాకోళమాడుతున్నావా అని. చూశారా సహోదరులారా, నవ్వించేవాడు నిజం చెబితే నమ్మేవాళ్లుండరు! మళ్లీ చెప్పాను. ఈసారి ఖాళీ గిన్నె ముందుకు చాపాను. ఆమె నవ్వు ఆగిపోయింది, గిన్నె నా చేతిలోంచి లాక్కుని నిండా పోసి తెచ్చింది. "ఇన్నాళ్లు అడగవేం, పిచ్చోడా" అని తిట్టింది.

మర్నాడు అత్తగారు దిగింది. కాళ్లు కడుక్కోకుండానే వంటింట్లోకి వెళ్లి డబ్బాలన్నీ మూతలు తీసింది. సుద్ద రాతలు చదివింది. ఖాళీ బస్తా దులిపింది.

"బియ్యం ఏవి బాబూ?"

"అయిపోయాయత్తా. పక్కింట్లో అప్పు తెచ్చాను" అన్నాను. ఆ మాటతో పిల్లలు వెళ్లిపోయారనే అనుకున్నాను, అయినా అబద్ధం రాలేదు.

ఆవిడ చివరకు చిలకల డబ్బా తీసింది. "ఇదేటి? ఇది నిండా ఉంచుకొని ఊరోల ముందు గిన్నె పట్టుకున్నావేటి?"

నేను నోరు తెరిచేలోగా దీవెన అంది, "అది మనది కాదు అమ్మమ్మా."

అత్తగారు ఆ డబ్బా ఒళ్లో పెట్టుకుని గచ్చు మీద అలాగే కూర్చుండిపోయింది. ఆవిడ కూతురు పద్నాలుగేళ్లు నింపిన డబ్బా అది. కాసేపటికి తన సంచి ముడి విప్పింది, విజయనగరం నుంచి మా కోసం బియ్యం మోసుకొచ్చింది పాపం, అందులోంచి ఒక పిడికెడు తీసి చిలకల డబ్బాలో వేసి మూత పెట్టింది. "గుంటలు ఇక్కడే ఉంటారు" అంది. "నాను రేపు బండికి ఎల్లిపోతాను. ఏటి సూస్తావు, పొయ్యి ఎలిగించు, ఆకలేస్తంది."

సాక్ష్యమంటే చివర్లో భార్య తిరిగి వచ్చిందని చదవాలని మీరు ఎదురుచూస్తారని నాకు తెలుసు. రాలేదు. మేము ఇప్పటికీ విడిగానే ఉన్నాం, ఆమె కుట్టుపని చేసుకుంటోంది, జీతం పడిన రోజు ఫోన్లో మాట్లాడుకుంటాం, ఒక్కోసారి ఆమే ఏదో అని నన్ను నవ్విస్తుంది. అది నాకు ఎక్కువే. దీవెన ఇప్పుడు కోనిలో యూనివర్సిటీకి వెళ్తోంది, గ్రేసీ నా చొక్కాలు వేసుకునేంత ఎదిగింది. ఇప్పుడు బస్తా ఖాళీ కాదు, అన్నం మల్లెపూవులా ఒక్కలాగే ఉడుకుతుంది, అయినా ఆ ఎగుడుదిగుడు మెతుకులు, గచ్చు మీద సుద్దపొడి, జ్వరం తగ్గిన గ్రేసీ గిన్నె నాకిన చప్పుడు, అమ్మమ్మతో కలిసి నలుగురం ఇరుక్కుని తిన్న ఆ పూట, అవి తలచుకుంటే గుండెలో తియ్యగా నొప్పిపుడుతుంది.

ఎస్తేరు పెద్దమ్మ పోయాక ఆ గుడ్డ సంచి నాకిచ్చారు. నెలాఖరు శనివారం సైకిల్ మీద మీ ఇళ్లకు వచ్చేది నేనే. ఇది చదువుతున్న మీలో ఎవరింట్లోనైనా బస్తాలో చేతికి గోనె తగులుతుంటే, నవ్వుతో కప్పుకుంటుంటే, నా సహోదరా, నా చెల్లీ, ముందు దేవునితో ఉన్నమాట చెప్పు, ఆయన ఎన్నడూ పకపకా నవ్వలేదు నన్ను చూసి. తరువాత నేను వచ్చినప్పుడు ఆ ఖాళీ డబ్బానే తెచ్చి చూపించు. నేను ఏమీ అడగను, జోకు అసలే వేయను. పేరు రాసుకుంటాను, ఆదివారం ఆ పేరు పిలుస్తారు, నువ్వు లేచి రా. నేను నడిచిన దారే అది, చివరి బెంచీ నుంచి పదహారు అడుగులు. నన్ను అందులో నడిపించిన దేవునికే స్తోత్రం, ఆమేన్.