గుట్టను త్రిభుజాలుగా కోసిన సాయంత్రం

ఆ సాయంత్రం ప్రొద్దుటూరులోని నా గదిలో ఉన్న వస్తువులు: ఒక కంప్యూటరు, ఒక ప్రింటరు, గాలి కన్నా చప్పుడు ఎక్కువ చేసే కూలరు, సగమైన టీ ఫ్లాస్కు, ఉన్నచోటునూ ఎత్తునూ కొలిచే అరచేతంత పరికరం. ఉన్న మనుషులు: నేను, మా బావ. రావలసిన మనిషి: మేడమ్. ఇవి కాక ఒక వాసన. అది ఆ పరికరం నుంచి వస్తోంది. తెలిసిన వాసనే, కానీ కాలేజీ సామానుకు ఉండవలసిన వాసన కాదు.

బావ అంటే మా అక్క మొగుడు. పులివెందులలో ఒక కాలేజీలో పాఠాలు చెబుతాడు. ఊరు జమ్మలమడుగు పక్కన. వాళ్ల నాయనకు మేకల మంద ఉంది, ఊరి వెనక గుట్ట ఉంది, గుట్ట కింద వంక ఉంది. వాన నీళ్లు ఆ గుట్ట మీద నుంచి ఏ దారిన దిగి వంకలో కలుస్తాయన్నది బావ పరిశోధన. మర్నాటికల్లా ఆయన గైడు మేడమ్ సంతకంతో థీసిస్ అందకపోతే ఇంకో ఏడాది ఆగాలి, ఆ డాక్టరేటు రాకపోతే ఉద్యోగం ఖాయం కాదు. మా అక్క పొద్దుటి నుంచీ ఫోన్లు చేస్తూనే ఉంది. ఆయనకు కాదు, నాకు.

నా పని థీసిస్‌లను లేటెక్ అనే సాఫ్ట్‌వేర్‌లో కూర్చడం. అందులో పేజీని కంటితో చూస్తూ సర్దం. ఏది ఎక్కడ ఎలా రావాలో ఆదేశాలు రాసి ఇస్తే అదే పేజీలు కడుతుంది. లెక్కలూ చేస్తుంది, బొమ్మలూ గీస్తుంది. మేడమ్‌కు ఒక నియమం ఉంది. కొలతలు ఇస్తే బొమ్మను ఆ పత్రంలోనే లెక్కకట్టి గీయాలి, బయటి బొమ్మ తెచ్చి అతికించకూడదు. దీనికి కారణం ఆమె పాత విద్యార్థి ఒకడు. కడప జిల్లా గుట్ట అని వాడు అతికించిన బొమ్మలో శిఖరం మీద మంచు ఉంది.

గుట్టను కాగితం మీదికి తేవాలంటే దాన్ని త్రిభుజాలుగా కోయాలి. కొలిచిన బిందువులను మూడేసి చొప్పున కలుపుకుంటూ పోతే గుట్ట మీద వల పరిచినట్టు వస్తుంది. ఒక్కో త్రిభుజం ఒక్కో చిన్న వాలు. ఏ మూడింటిని కలపాలన్న దానికి ఒక నిబంధన ఉంది: ఆ మూడింటి మీదుగా వృత్తం గీస్తే లోపల ఇంకో బిందువు ఉండకూడదు. నేను ఈ నిబంధనను ఆదేశాలుగా రాసి, బావ తెచ్చిన కొలతలను లేటెక్‌కు అప్పగించాను.

కొలత మరీ పెద్దదని చెప్పి లేటెక్ ఆగిపోయింది. దాని కొలతలకు ఒక హద్దు ఉంది. పరికరం ఇచ్చిన అంకెలేమో భూమధ్యరేఖ నుంచి లెక్కపెట్టుకుంటూ వచ్చిన మీటర్లు.

"సూస్తివా, మా గుట్ట శానా పెద్దదని దానిక్కూడా తెల్సింది" అన్నాడు బావ.

గుట్ట మూలను సున్నాగా పెట్టి, అన్ని అంకెల్లోంచీ ఆ మేరకు తీసేశాను. ఈసారి ఇంకాస్త దూరం నడిచి, సున్నాతో భాగించలేనంటూ మళ్లీ ఆగింది. చూస్తే ఒకే చోటు కొన్ని వందల సార్లు కొలిచి ఉంది. ఒకే బిందువుకు మూడు పేర్లు పెట్టి త్రిభుజం గీయమంటే ఎవరు గీస్తారు?

"ఏంది బావా, ఈడ పాతుకుపోయినావా?"

"ఎండ కదప్పా. చెట్టు నీడకు రోంతసేపు కూచ్చున్న్యా."

"దినామూ ఆ చెట్టు కిందికేనా?"

"నీడ మంచిదిలే. నీ పని నువ్వు చూడు."

ఒకే చోటి కొలతల్లో ఒక్కోటి మాత్రమే ఉంచి మిగతావి తీసేశాను. వల వచ్చింది. అందంగానే వచ్చింది, కానీ అనుమానంగా వచ్చింది. చెట్టు చుట్టూ సన్నసన్న త్రిభుజాలు గుమిగూడి ఉన్నాయి. ఊరి వైపు అంచున, పక్కింటివాళ్ల శనగచేను ఉండే చోట, ఇంకో గుంపు. అన్నిటికన్నా వింత పడమటి చరియ. అక్కడ నిట్టనిలువుగా బండలు. ఆ బండల మీద కూడా బిందువులు బారుతీరి ఉన్నాయి. బావ మా ఇంట్లో రెండో అంతస్తు ఎక్కాలంటే మధ్యలో ఒకసారి ఆగి వీధి చూస్తాడు.

"ఆ చరియ ఎట్లెక్కినావు బావా?"

"చిన్నప్పటి నుంచి అలవాటు."

"పక్కోళ్ల శనగచేన్లో ఏం కొలిచినావు?"

ఆయన టీ పోసుకున్నాడు. పోసుకోవడానికి చాలాసేపు పట్టింది.

అప్పుడే పులివెందుల బస్సు దిగి మేడమ్ వచ్చింది. వస్తూనే తెర ముందు కూర్చుని, కళ్లద్దాలు సర్దుకుని, కొలతల పక్కనున్న వేళలు చూసుకుంటూ వల మీద వేలు జరపసాగింది.

"ఏమప్పా, పొద్దున ఈ మూల నుంచి బయల్దేరినావు. చరియ మీద పడినావు. మధ్యాన్నం చెట్టు కింద పండినావు. సందేళకు శనగచేను మేసి మళ్లా అదే మూలకు చేరినావు. ఆ మూలన ఏముండాది?"

"మా దొడ్డి మేడమ్."

"నీకేమన్నా కొమ్ములు మొలిచినాయా?"

బావ నా వైపు చూశాడు. నేను కూలరు వైపు చూశాను. మేడమ్ పరికరాన్ని చేతిలోకి తీసుకుని ముక్కు దగ్గర పెట్టుకుంది. వెంటనే దూరంగా పెట్టేసింది.

"మేడమ్, మొదటి దినం నేనే ఎక్కినా. సగంలో కాళ్లు పట్టుకునె. మా నాయన మందలో ముందు నడిచే మేక ఒకటుండాది, దాని మెడకు కట్టినా. అది పోని తావు లేదు మేడమ్."

"థీసిస్‌లో ఏం రాసినావు? చదువు."

"పరిశోధకుడు స్వయంగా కాలినడకన గుట్టంతా తిరిగి..."

"ఇంక చాల్లే."

మేడమ్ కలం మూత తీయలేదు. నా ఫోను మోగింది. అక్క. నేను ఎత్తలేదు. ఎత్తి ఏం చెప్పాలి?

కాసేపటికి మేడమ్ నన్ను అడిగింది: "ఈయన నడిచినవీ మేక నడిచినవీ వేరు చేయగలవా?"

కొలతల పక్కనే తేదీలూ ఉన్నాయి. మొదటి రోజువి నల్లచుక్కలుగా, మిగిలినవి ఖాళీ సున్నాలుగా గీయమని ఒక వరుస రాశాను. ఇద్దరూ తొక్కిన చోట్ల ఎత్తులు పక్కపక్కన పెట్టి ఆమె సరిచూసింది. కలిశాయి. తర్వాత నేను త్రిభుజాలను సరిచూశాను. బిందువుల సంఖ్యను రెట్టింపు చేసి, వల అంచు మీది బిందువులనూ ఇంకో రెండింటినీ తీసేస్తే త్రిభుజాల సంఖ్య రావాలి. అంచు మీద పద్నాలుగు ఉన్నాయి. లెక్క సరిపోయింది.

"కొలతలు మంచివే" అంది మేడమ్. "అబద్ధం కొలతల్లో లేదు, నీ వాక్యంలో ఉండాది. దాన్ని తీసేయ్. ఎవరు ఎన్ని నడిచిరో బొమ్మ కింద రాయి. అప్పుడు సంతకం."

"కాలేజీలో నగుతారు మేడమ్."

"నగనీ. మంచు గుట్టోని కంటే నువ్వు మేలే. కృతజ్ఞతల్లో కూడా చేర్చు. దాని పేరేంది?"

"మేకకు పేరేముంటుంది మేడమ్!"

"అయితే మీ ఇంటిపేరు పెట్టు."

బావ చెబుతుంటే నేను కొట్టాను. గొంతు మధ్యమధ్యలో లోపలికి పోతుంటే మేడమ్ గట్టిగా చెప్పమంది. ప్రింటరు ఆ పేజీ కక్కింది, ఆమె చదివి సంతకం చేసింది. అక్కకు ఫోన్ చేసి పని అయిందన్నాను. బొమ్మ కింద ఏముందో చెప్పలేదు. అది ఇప్పటికీ అలాగే ఉంది:

బిందువులు 236. త్రిభుజాలు 456. మేక నడిచినవి 227. పరిశోధకుడు నడిచినవి 9.