తివాచీ మీద నాలుగు తుప్పు మరకలు

1946 ఫిబ్రవరి, ఆదివారం. బెజవాడ గవర్నర్‌పేటలో పెద్దమ్మ గారిల్లు. ఉన్నవారు: పెద్దమ్మ, పదహారేళ్ళ ఆమె కొడుకు (నాకు అన్నయ్య), పక్కగదిలో మంచం మీద పెదనాన్న తల్లి, నేను. పెదనాన్న చీరల బేరానికి మంగళగిరి వెళ్ళారు. సాయంత్రానికి వస్తారు.

నాకప్పుడు పదమూడేళ్ళు. కంకిపాడు పక్క పల్లె మాది. మా ఊళ్ళో బడి ఐదో తరగతితో సరి. మా అమ్మ తన అక్కను బతిమాలి నన్ను వాళ్ళింట్లో ఉంచింది. థర్డ్ ఫారం, అంటే ఎనిమిదో తరగతి పరీక్షలు దగ్గర పడుతున్నాయి. ఆ ఇంట్లో చోటు పోతే నా చదువు పోయినట్టే. ఆ సంగతి నాకూ తెలుసు, పెద్దమ్మకూ తెలుసు.

ఆ పొద్దున్న ఊడవడానికి ముందుగదిలో బల్ల జరిపితే, కింద తివాచీ మీద నాలుగు తుప్పు మరకలు బయటపడ్డాయి. ఏలూరు నుంచి తెప్పించిన ఎర్రటి ఉన్ని తివాచీ అది. వ్యాపారులు వస్తే పెదనాన్న బల్ల పక్కకు తీయించి దాని మీదే కూర్చోబెట్టి బేరం చేసేవారు. అన్నయ్య తాను కసరత్తు చేసే తాలింఖానా నుంచి ఒక జత ఇనప డంబెల్సు తెచ్చుకుని, నూతి దగ్గర కడిగి, తుడవకుండా బల్ల కింద దాచాడు. కసరత్తులు మాని తన చీరల కొట్లో కూర్చోమని పెదనాన్న అంతకుముందే ఒకసారి వాడి వీపు చిట్లగొట్టి ఉన్నారు.

తివాచీని మేడ మీదికి మోసుకెళ్ళి ఎండలో పరిచాం. ముందు అంచు మడిచి, వెనకవైపు రెండు చుక్కల నిమ్మరసం వేసి చూశాం. రంగు దిగలేదు. అప్పుడు మరకల మీద ఉప్పు చల్లి, నిమ్మకాయలు పిండి, కాసేపు ఆగి తడిగుడ్డతో అద్దాం. రుద్దితే ఉన్ని లేస్తుందని పెద్దమ్మ నన్ను రుద్దనివ్వలేదు. తుప్పు సగం గుడ్డకు అంటింది. రెండోసారి పెద్దమ్మకు తొందర పుట్టింది. రసం ఎక్కువ పోసి, కడగకుండా ఎండలో వదిలేసి వంటకు దిగింది.

"ఏమిటే ఆ నిమ్మకాయల వాసన? మాఘమాసంలో ఊరగాయేమిటే నీకు?" అని కింది నుంచి ముసలావిడ కేక.

"పులిహోర అత్తయ్యా!" అంది పెద్దమ్మ.

మళ్ళీ వెళ్ళి చూస్తే తుప్పు పోయింది. దానితోపాటు ఎరుపూ పోయి, నాలుగు చోట్ల తివాచీ వెలిసిపోయింది.

అన్నయ్య మొహం పాలిపోయింది. "నాన్న నన్ను బతకనివ్వడే అమ్మా."

పెద్దమ్మ నావైపు తిరిగింది. "నాన్నా, నువ్వు చేశానని చెప్పరా. నూలు తూచే ఇనప గుండ్లు కడిగి ఆడుకుంటూ అక్కడ పెట్టి మరిచిపోయాననీ, తుప్పు పోవాలని నిమ్మకాయలు పిండాననీ చెప్పు. పరాయి పిల్లాడి మీద మీ పెదనాన్న చెయ్యి చేసుకోరు. ఒక్క కేక వేసి ఊరుకుంటారు. నేనున్నాగా."

పెద్దమ్మ చెడ్డ మనిషి కాదు. నేనక్కడ ఉన్నన్నాళ్ళూ నా కంచంలో పెరుగు, అన్నయ్య కంచంలో పెరుగు ఒక్కలాగే వేసింది. అందుకే నమ్మాను.

సాయంత్రం పెదనాన్న కాళ్ళు కడుక్కుని వచ్చి, మేము మళ్ళీ కిందికి తెచ్చి పరిచిన తివాచీ మీద కూర్చున్నారు. చేత్తో సర్దబోయి ఆగారు.

"ఎవరు చేశారిది?"

చెప్పమన్నది చెప్పాను. ఆయన కేక కూడా వెయ్యలేదు. "ఊఁ" అని కాఫీ అడిగారు. గండం గడిచిందనుకున్నాను. అన్నయ్య వెనక నుంచి నా భుజం నొక్కి, "బతికించావురా తమ్ముడూ. రేపు గోలీసోడా తాగిస్తా" అన్నాడు.

రాత్రి తన భోజనం ముందుగా ముగించి పెదనాన్న నన్ను పిలిచారు. గొంతు మెత్తగానే ఉంది.

"చూడు బాబూ, మావాడైతే రెండు తగిలించి ఊరుకుందును. నిన్ను కొట్టలేను, కొట్టకుండా అదుపులో పెట్టడం నాకు చేతకాదు. రేపు ఏ నూతి దగ్గరో, రోడ్డు మీదో ఇంకేదైనా అయితే మీ నాన్నకు నేనేం చెప్పుకోను? పొద్దున్నే ఊరెళ్ళు. మీ నాన్నతో నేను మాట్లాడతాలే."

నేను పెద్దమ్మ వైపు చూశాను.

"చిన్నవాడండీ... పరీక్షలయ్యేదాకానైనా..." అంది.

"పదమూడేళ్ళవాడు చిన్నవాడా? పోనీ, వీడు కాక ఇంకెవరైనా చేశారా? చెప్పు."

ఆయన నిజంగానే అడిగారు. జవాబు కోసం ఆగారు కూడా. అన్నయ్య కంచంలో వేళ్ళతో గీతలు గీస్తున్నాడు. పెద్దమ్మ కొడుకు వైపు చూసింది, తరవాత నేల వైపు చూసింది.

"లేదండీ. వీడే."

నేను అప్పుడు నోరు తెరవాల్సింది. కాని ఆమె అంతమాట అన్నాక ఆమెను అబద్ధాలకోరును చెయ్యడం నాకు చేతకాలేదు. నన్ను దోషిని చెయ్యడం మాత్రం ఆమెకు చేతనైంది. ఇన్నేళ్ళయినా నాకు మింగుడు పడనిది అదే.

మర్నాడు తెల్లవారకముందే పెద్దమ్మ నా పుస్తకాలు సర్ది, అరిటాకులో పెరుగన్నం కట్టింది. గుమ్మం దాకా వచ్చి చెవిలో చెప్పింది: "మీ అమ్మతో ఏమీ అనకురా. అక్కచెల్లెళ్ళ మధ్య మాటొస్తుంది." అన్నయ్య లేవలేదు.

బొగ్గుతో నడిచే బస్సు దిగి, ఇంటికి నడిచి వెళ్ళి, దొడ్లో గిన్నెలు తోముతున్న అమ్మకు మొదటి నుంచి చెప్పడం మొదలుపెట్టాను. డంబెల్సు, నిమ్మకాయలు, పెద్దమ్మ చెప్పమన్న మాట, అన్నీ. అమ్మ సగంలోనే చెయ్యెత్తి ఆపింది.

"మా అక్క అలాంటిది కాదు. చేసిన తప్పు ఆమె నెత్తిన రుద్దకు. వెళ్ళి కాళ్ళు కడుక్కో."