మోరికి ఏడు మెమరీలు

మోరి అంటే సన్నాయి లాంటి చిన్న వాయిద్యం. మా కొండల్లో థింసా ఆటకి ఊదుతారు. నేను కొలిచినదాని పొడవు పద్నాలుగుంపావు అంగుళాలు. రంధ్రాలు ఏడు, తాటాకు పీక ఒకటి. స్కేలు పెట్టి ఒకసారి, దర్జీ టేపు పెట్టి ఒకసారి కొలిచాను. కొలవడం ఒక్కటే నాకు బాగా వచ్చు. దాంతోనే ఒక మనిషిని ఆటలోంచి బయటికి పంపేశాను.

తొంభైల మొదట్లో సాలూరు నుంచి అరకు వచ్చి రేడియోలు, టేప్‌రికార్డర్లు బాగుచేసే దుకాణం పెట్టుకున్నాను. పదో తరగతి తప్పినవాణ్ణి. కరెంటు లెక్కలు పాత పుస్తకాల్లో చూసి నేర్చుకున్నాను. ఏ పెట్టె విప్పినా ముందు మీటరు పెట్టి, అంకె కాగితం మీద రాసుకున్నాకే చెయ్యి పెట్టేవాణ్ణి. పెళ్ళిళ్ళకి, సభలకి మైక్ సెట్ అద్దెకిచ్చేవాణ్ణి. ఆ వరసలోనే డుంబ్రిగుడ దగ్గరి ఒక గూడెం థింసా జట్టుతో పరిచయమైంది. జట్టులో ఇరవైమంది ఆడవాళ్ళు. మోరి ఊదేది ఒక ముసలాయన. ఆయన్ని నేను తాతా అనేవాణ్ణి, ఆయన నన్ను బాబూ అనేవాడు.

థింసాకి ఇంత సేపని లేదు. ఆడవాళ్ళు ఒకరి వెనక ఒకరు చేతులు కలిపి గొలుసు కడతారు. డప్పు నడకనిస్తుంది. ఎప్పుడు తిరగాలో, ఎప్పుడు వంగాలో, ఎప్పుడు వేగం పెంచాలో చెప్పేది మోరి. ఊదేవాడు గొలుసులో ఆఖరి మనిషి కాళ్ళు చూస్తుంటాడు. ఆమె అడుగు కుదురుకున్నాకే స్వరం మారుస్తాడు. ఆఖరామె ముసలిదైతే ఆలస్యంగా, పడుచు గుంటైతే బేగి. ఒక రోజు ఆటలా ఇంకో రోజు ఉండదు. ఈ సంగతి నాకు పదేళ్ళుగా తెలుసు. తెలిసి కూడా దాని విలువ కట్టలేదు.

రెండు వేల సంవత్సరం దాటిన నాలుగైదేళ్ళకి తాత ముందు పళ్ళు కదిలాయి. ఒక చలికాలంలో రెండు, వచ్చే చలికాలానికి ఇంకో మూడు పోయాయి. నోట్లో పీక నిలబడటం మానేసింది. గాలి పక్కనించి పోతోంది. నేర్చుకునేవాళ్ళు గూడెంలో ఎవరూ లేరు. అదే సమయంలో పర్యాటకుల విడిది ఒకటి సీజనంతా సాయంత్రం పూట ఆడమని జట్టుని పిలిచింది. గొలుసుకి ముందు నడిచే అక్క నా దుకాణానికొచ్చి, నీ కంప్యూటర్లో మోరి కూత చేయగలవా అని అడిగింది. తాత పక్కనే బెంచీ మీద కూర్చుని ఉన్నాడు. ఆమె అడిగింది నన్నే అయినా చూసింది ఆయన్ని.

నా దగ్గర అప్పటికి కంప్యూటరుంది, అందులో వాయిద్యాల్లా పలికే సాఫ్ట్‌వేర్ సింథ్ ఉంది. భజన పాటల క్యాసెట్లకి దాంతోనే సంగీతం కట్టేవాణ్ణి. వందల రకాల శబ్దాలు పలికేది. కానీ కీబోర్డు మెట్టు నొక్కాక శబ్దం రావడానికి సెకనులో పాతికో వంతు ఆలస్యం. డప్పు పక్కన అది కాలు ఈడ్చినట్టుండేది. పైగా ఎంత దిద్దినా శబ్దం పల్చగా, కడిగేసినట్టుగా వచ్చేది. పక్కన ఒక చిన్న అనలాగ్ సింథసైజర్ ఉంటే, అందులో శబ్దం సర్క్యూట్లోనే పుడుతుంది కనుక నొక్కిన క్షణానే పలుకుతుంది. తాళం, శ్రుతి కంప్యూటరు చూసుకుంటుంది, మోరి పని చిన్న పెట్టె చూసుకుంటుంది. పథకంలో తప్పు లేదు. ఇప్పటికీ అదే అంటాను.

ముందు మోరిని కొలవాలనుకున్నాను. తాత మిగిలిన పళ్ళ మధ్య పీకని ఇరికించి, తడవకి రెండు మూడు ఊపిళ్ళు ఊదేవాడు. ఏ రంధ్రానికి ఎంత శ్రుతో కంప్యూటర్లో చూసి రాసుకునేవాణ్ణి. మూడో రంధ్రం దగ్గర చిక్కొచ్చింది. పైకి వెళ్ళేటప్పుడు ఒక అంకె, కిందికి దిగేటప్పుడు ఇంకో అంకె. పన్నెండుసార్లు ఊదించాను.

"ఏటి బాబూ, ఎన్నిసార్లు కొలుస్తావు? నా గొట్టం రాత్రికి రాత్రి పెరిగిపోద్దా?" అన్నాడు.

పన్నెండు అంకెలూ కలిపి, పన్నెండుతో భాగించి, సగటు రాసుకున్నాను. వయసు మీద పడి ఆయన శ్రుతి కదులుతోందనుకున్నాను. ఎక్కేటప్పుడూ దిగేటప్పుడూ ఆ స్వరం వేరుగా ఉండాలని, ఆయన పెదవి బిగించి దాన్ని కావాలనే మారుస్తాడని నాకు తట్టలేదు.

విశాఖపట్నంలో ఓడల నుంచి దిగిన పాత వాయిద్యాలు బాగుచేసి అమ్మే దుకాణం ఒకటుండేది. నాకు కావలసిన రకం పెట్టెలు రెండొచ్చాయని కబురందింది. తాత నేనూ వస్తానన్నాడు. మోరిని తువ్వాల్లో చుట్టుకుని నాతో రైలెక్కాడు.

నేను ముందురోజే కాగితం మీద పట్టిక గీసుకున్నాను. పదకొండు గడులు, గడికి పది మార్కులు. ఒక పెట్టెకి ఇరవైఅయిదు మెట్లు, నలభై మెమరీలు. ఒకసారి కుదిర్చిన శబ్దాన్ని దాచుకుంటే ఎప్పుడు కావాలన్నా అదే పలుకుతుంది. రెండోదానికి మెట్లు తక్కువ, మెమరీలు అసలు లేవు. ముందువైపు చేతి కర్రంత పొడుగున ఒక నల్లటి పట్టీ ఉంది. దాని మీద వేలు జరుపుతుంటే స్వరం జారుతూ ఎక్కుతుంది, జారుతూ దిగుతుంది. గీతలు లేవు, గుర్తులు లేవు. ధర ఇంచుమించు ఒకటే కనుక ఆ గడి తీసేశాను. బరువు, వెడల్పు, మా కొండల తక్కువ కరెంటుని తట్టుకోవడం, ఇలాంటి ఎనిమిది గడుల్లో కలిపి చూస్తే రెండూ సమానం. మెమరీ గడిలో మొదటిదానికి పది, రెండోదానికి సున్నా. 'మళ్ళీ అదే శబ్దం వస్తుందా' అనే గడిలో తొమ్మిది, రెండు.

మొదటి పెట్టె నేను వాయించాను. తాత స్టూలు మీద కూర్చుని, కొత్త చుట్టం కబుర్లు విన్నట్టు మర్యాదగా విన్నాడు. దుకాణం ఆయన రెండోదాని పట్టీ ఎలా వాడాలో చూపించాడు. తాత లేచి వచ్చి, ముట్టుకోవచ్చా అని అడిగి, వేలు తువ్వాలుకి తుడుచుకుని పట్టీ మీద పెట్టాడు. పిల్లి తోక తొక్కినట్టు అరిచింది. దుకాణంలో పనివాళ్ళు నవ్వారు. ఆయన పట్టించుకోలేదు. అయిదారుసార్లు వేలు పైకీ కిందికీ జరిపాడు. తర్వాత మూడో రంధ్రం స్వరం వచ్చింది. ఎక్కేటప్పుడు ఒకలా, దిగేటప్పుడు ఇంకోలా. నవ్వేవాళ్ళు ఆగిపోయారు. ఆయన పెట్టె కేసి చూడటం లేదు. నాలుగడుగుల అవతల ఖాళీ నేల కేసి చూస్తున్నాడు.

"బాబూ, దీనికి పళ్ళక్కర్లేదు," అన్నాడు.

నేను నవ్వాను. హాస్యమనుకున్నాను.

"దీనికి మెమరీ లేదు తాతా. ఇవాళ దొరికింది రేపు దొరకదు."

"రేపు నాను మళ్ళీ ఎతుక్కుంటాను. ఇన్నేళ్ళూ సేసింది అదే కదా."

కాగితం తీసి మొత్తాలు చూపించాను. డెబ్బై ఒకటి, యాభై నాలుగు. ఆయనకి చదువు రాదు. అయినా కాగితం చేతిలోకి తీసుకుని, అటూ ఇటూ చూసి, జాగ్రత్తగా మడతపెట్టి నాకిచ్చాడు. డెబ్బై ఒకటి వచ్చినదాన్ని కొన్నాను. తిరుగు రైల్లో ఆయన పెట్టెని ఒళ్ళో పెట్టుకుని తెచ్చాడు. కుదుపు తగలకూడదని చెప్పింది నేనే.

ఏడు రంధ్రాలకి ఏడు మెమరీలు కేటాయించాను. ఒక్కోదానిలో నేను కొలిచిన శ్రుతి, మూడోదానిలో నా సగటు నింపి దాచాను. బొత్తాలకి ఒకటి నుంచి ఏడు దాకా అంకెలు అతికించాను. పాట నాకు అంకెల్లో రాసి ఉంటుంది, చూసి నొక్కుతాను. తాత దుకాణానికి రావడం తగ్గించాడు. పొలం పనులున్నాయేమో అనుకున్నాను.

విడిదిలో మొదటి సాయంత్రం నేను కంప్యూటరు, పెట్టె బల్ల మీద పెట్టుకుని కూర్చున్నాను. తాత డప్పు వాళ్ళ వెనక నిలబడ్డాడు. మోరి మొలలో దోపుకుని ఉన్నాడు. ఆట మొదలైంది. శబ్దం బాగానే వచ్చింది. పర్యాటకులు ఫోటోలు తీసుకుంటున్నారు. నేను బొత్తాల మీదనుంచి కళ్ళు తియ్యలేదు. అయిదు నొక్కాల్సిన చోట అయిదు నొక్కాను. ఆ సమయానికి గొలుసులో ఆఖరి గుంట చెప్పు తెగి ఒక అడుగు వెనకబడి ఉంది. ముందు నడిచే అక్క నా స్వరం విని తిరిగింది, మధ్యవాళ్ళు తిరిగారు, చివరివాళ్ళు తిరగలేకపోయారు. చేతులు విడిపోయాయి. గొలుసు రెండు ముక్కలైంది.

ఇరవైమందీ నిలబడిపోయి తాత కేసి చూశారు. ఆయన చెయ్యి మొల దాకా వెళ్ళింది. అక్కడే ఆగింది.

ఆట అయ్యాక ముందు నడిచే అక్క నా బల్ల దగ్గరికొచ్చింది. "నువ్వు మా కాళ్ళు సూడలేదు బావు. నీ పెట్టె సూసేవు," అంది. కోపంగా అనలేదు. కరెంటు పోయిందని చెప్పినట్టు అంది.

నాకు అప్పుడైనా బుద్ధి రావాలి. రాలేదు. విడిది మేనేజరు పిలిచి, ఆట ఎప్పుడు ముగుస్తుందో తెలియకపోతే భోజనాల వేళ తప్పుతోంది, ఒకే నిడివిలో రికార్డు చేసి ఇవ్వలేవా అన్నాడు. ఇవ్వగలనన్నాను. నాలుగు నిమిషాల పది సెకన్లు. పదహారు అడుగులకి ఒక తిరుగుడు. ఆడవాళ్ళకి లెక్క నేనే నేర్పాను. నేర్పడంలో నాకు ఓపికెక్కువ. పది రోజుల్లో ఒక్కరూ తప్పకుండా ఆడారు. వెనకబడే ఆ గుంటని జట్టులోంచి తీసేశారు. తాతని రావద్దని ఎవరూ అనలేదు. జీపులో చోటు లేదన్నారంతే.

పట్టిక నా దగ్గర ఇంకా ఉంది. ఎన్నోసార్లు మళ్ళీ కూడి చూశాను. కూడికలో తప్పు లేదు. మెమరీ గడి, అదే శబ్దం గడి రెండూ ఒకటే ప్రశ్న అని ఒకసారి కనిపెట్టాను. ఒకటే అడిగి రెండుసార్లు మార్కులు వేశాను. ఏదో ఒకటి కొట్టేసి చూసినా మొదటి పెట్టే గెలుస్తోంది. ఎవరు వాయిస్తారు అనే గడి మాత్రం లేదు. నేనే వాయించాలని నాకు ఎవరూ చెప్పలేదు. నేనే అనుకున్నాను.

వానలు మొదలయ్యే ముందు విశాఖ వెళ్ళాను. నల్ల పట్టీ పెట్టె అమ్ముడైపోయి నాలుగు నెలలయిందన్నారు. ఎవరు కొన్నారో చిరునామా లేదు.

తర్వాత వచ్చిన సంత రోజున తాత దుకాణానికొచ్చాడు. అల్లం అమ్ముకుని, ఖాళీ సంచి భుజాన వేసుకుని బెంచీ మీద కూర్చున్నాడు. విడిది కోసం చేసిన రికార్డు స్పీకర్లో పెట్టాను, ఆయన వినలేదు కదా అని. నాలుగు నిమిషాల పది సెకన్లూ కదలకుండా విన్నాడు.

"ఎవులు ఊదుతన్నారు బాబూ?" అని అడిగాడు. "ఒడిస్సావోళ్ళా?"

నీదే తాతా, నీ మోరి కొలిచి చేసిందే అన్నాను. అందులో ఆయన ఎప్పుడూ ఊదని స్వరం ఒకటుంది, మూడో రంధ్రానికి నేను రాసిన సగటు. ఆ మాట నేను చెప్పలేదు.

వెళ్ళబోతూ గడప దగ్గర ఆగి, ఆ నల్ల పట్టీ పెట్టె ఇంకా ఉందేమో కనుక్కోమన్నాడు. కనుక్కుంటానన్నాను.

ఆ తర్వాత మూడు సంతలకి వచ్చి అడిగాడు. మూడుసార్లూ కనుక్కుంటానన్నాను. నాలుగో సంతకి గొలుసు ముందు నడిచే అక్క ఒక్కతే వచ్చి, టార్చిలైటుకి బ్యాటరీలు కొనుక్కుని వెళ్ళింది. తాత ఏడీ అని నేను అడగలేదు.