కదలకండి గారి కొండ ఫొటో

ఊళ్లో అందరూ ఆయన్ని కదలకండి గారనే పిలిచేవారు. స్టూడియోలో కెమెరా వెనక నిలబడి ఆ మాట అనని రోజు లేదు మరి. ఆయన ఘనకార్యాలు చెప్పుకుంటూ పోతే తెల్లారుతుంది. జన్మలో నవ్వి ఎరగని పోస్టుమాస్టరును పళ్లు కనబడేలా నవ్వించినవాడు. బడి పిల్లలందరినీ మెట్ల మీద నిలబెట్టి, ఒక్కరూ కన్నార్పకుండా ఫొటో తీసినవాడు. తండ్రి పెళ్లికీ, కొడుకు పెళ్లికీ కూడా కబురు అందుకున్నవాడు. ఆయన ఫొటో లేని గోడ ఊళ్లో ఉండేది కాదు. పేరు మాత్రం ఏ గోడ మీదా కనబడేది కాదు. ఫొటో వెనకవైపు రబ్బరు ముద్రగా ఉండిపోయేది.

ఆ రోజుల్లో లైబ్రరీకి కొత్త హాలు కట్టారు.

"మన కొండ శిఖరంతో సహా కనబడే ఫొటో తెండి. కింద మీ పేరు రాయించి పెడతాం. ప్రారంభం లోగా తేలేకపోతే బజార్లో ఏదో ఒకటి కొనేస్తాం" అన్నాడు లైబ్రేరియన్.

ఆ మాట విన్నాక ఆయనకు అన్నం సయించలేదు. రోజూ తెల్లవారుతూనే బామ్మర్ది కూరగాయల వ్యానెక్కి, కొండకు ఎదురుగా ఉన్న మలుపులో దిగేవాడు. శిఖరం మబ్బు ముసుగు తీస్తేనా!

"గడ్డం పైకెత్తమంటే ఎత్తడానికి అది పెళ్లికొడుకు కాదు బావా, కొండ!"

"నీ వ్యాను సంగతి నువ్వు చూసుకోరా."

ప్రారంభం దగ్గర పడ్డాక ఒక ఉదయం మబ్బు తొలగింది. శిఖరం నిగనిగలాడుతూ బయటపడింది. ఆయన స్టూడియో అలవాటు కొద్దీ కెమెరా అద్దం మీద 'హా' అని ఊది తుడిచాడు. ఆ చలిలో ఊపిరి కాస్తా అద్దానికి మీగడలా పట్టేసింది. మళ్లీ తుడిచాడు, మరకలు పడ్డాయి. తల ఎత్తేసరికి కొండ మూసుకుపోయింది.

బామ్మర్ది నవ్వలేదు. "పోనీలే బావా, పద. ఆకుకూర వాడిపోతుంది" అని వ్యాను స్టార్టు చేయబోయాడు. అది దగ్గింది, మూలిగింది, మొరాయించింది. బామ్మర్ది దాన్ని తిడుతూ చేతులు మసి చేసుకుంటుంటే, ఆయన అద్దం ఆరనిచ్చి, శాలువాతో ముక్కూ మూతీ బిగించి కట్టుకుని మళ్లీ కెమెరా వెనక చేరాడు.

"ఆ అవతారం చూస్తే కొండ దడుచుకుంటుంది!"

ఆయన మీట మీద వేలు పెట్టి కాచుకున్నాడు. మబ్బు నడిమికి చీలింది. ఎండ ఒక్క శిఖరం మీదే పడింది. ఆయన మీట నొక్కాడు. రెండోసారి నొక్కేందుకు శిఖరం మిగల్లేదు.

ఆ ఫొటోయే హాల్లోకెక్కింది. కింద పేరు రాయడానికి పెయింటరు కుంచె పట్టుకున్నాడు. బామ్మర్ది పక్కకు చేరి, "మన వ్యాను మొరాయించకపోతే ఇది ఉండేదా బావా?" అన్నాడు.

"దాన్ని మెకానిక్కుకు చూపించు" అని, ఆయన పెయింటరు వైపు తిరిగాడు. "అక్షరాలు ఇంకాస్త పెద్దవి చెయ్యవయ్యా. గుమ్మంలోంచే కనబడాలి."